తుపాకీకి జలుబు చేస్తే...

పొద్దున్నే స్కూటర్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్ గొట్టంలోంచి టపటపా నాలుగు నీటిచుక్కలు రాలడం చాలామంది చూసే ఉంటారు. ‘రాత్రి వాన పడిందా, లోపలికి నీళ్లు పోయాయా’ అని కొందరికి అనుమానం. మెకానిక్‌ని అడిగితే నవ్వేస్తాడు. వానా లేదు, వరదా లేదు. పెట్రోలు మండినప్పుడు పొగతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. సైలెన్సర్ ఇంకా చల్లగానే ఉంటే ఆ ఆవిరి దాని గోడలకు తగిలి నీరైపోతుంది. రోజూ వీధి చివరి కూరగాయల కొట్టుదాకా వెళ్లొచ్చే బండికి సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పడుతుంది. రోజూ ముప్ఫై కిలోమీటర్లు తిరిగే బండికి అంత తొందరగా పట్టదు. బాగా వేడెక్కితేగానీ లోపలి తడి ఆరదు మరి!

సరిగ్గా ఇదే తంటా తుపాకులకూ ఉంది. తుపాకీకీ సైలెన్సర్ ఉంటుంది. చలిలో, వానలో దానికీ జలుబు చేస్తుంది. ముక్కు కారుతుంది. స్కూటర్ సైలెన్సర్‌కు చిల్లు పడితే వీధంతా మోత, మెకానిక్‌కు నాలుగు డబ్బులు. తుపాకీ విషయంలో అంత తేలిగ్గా పోదు. కాల్చేవాడి చెవికో కంటికో ముప్పు, లేదంటే ఓ మూగజీవికి నరకం.

అన్నట్టు, ఇది మన అడవుల కథ కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేటకు తలుపులు మూసుకున్నాయి. మనుషులకో పంటలకో ముప్పు వచ్చినప్పుడు అధికారులు ఇచ్చే ప్రత్యేక అనుమతులే మినహాయింపు. ఇక తుపాకీ చప్పుడు తగ్గించే సాధనాలను మన ఆయుధాల నిబంధనలు నిషిద్ధ జాబితాలో పెట్టాయి. కానీ స్కాట్లాండ్, నార్వే, ఫిన్లాండ్, న్యూజిలాండ్‌లాంటి చోట్ల వేటగాడి సామానులో ఇది మామూలు వస్తువు. నార్వేలోనూ న్యూజిలాండ్‌లోనూ వేట సామగ్రి అమ్మే కొట్లో బైనాక్యులర్స్ పక్కనే పెట్టి అమ్ముతారు.

‘టుప్’ అనదు!

సైలెన్సర్ అనగానే గుర్తొచ్చేది సినిమా విలన్. నల్లకోటు, నల్లకళ్లద్దాలు. జేబులోంచి ఓ గొట్టం తీసి పిస్తోలు మూతికి తాపీగా తిప్పి బిగిస్తాడు. ‘టుప్’మంటుంది. పక్కగదిలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలైనా ఎత్తడు. అదంతా సౌండ్ ఇంజినీరు చేసిన మాయ. వేట రైఫిల్ పేలితే కాల్చేవాడి చెవి దగ్గర శబ్దం సుమారు 160 నుంచి 170 డెసిబెల్స్ ఉంటుంది. మంచి సైలెన్సర్ అందులో 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంటే ఇంకా 140కి అటూఇటూ మిగిలే ఉంటుంది. మన దీపావళి టపాకాయలు నాలుగు మీటర్ల దూరంలో 145 డెసిబెల్స్ మించి మోగకూడదని నిబంధన. ఆ లెక్కన సైలెన్సర్ తగిలించిన రైఫిల్ కూడా ఇంచుమించు లక్ష్మీబాంబే.

పైగా ఇంకో చప్పుడుంది. రైఫిల్ తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. ధ్వని వేగం సుమారు 340 మీటర్లే. ధ్వనిని దాటిపోయేది ఏదైనా గాలిని చీల్చుకుంటూ కొరడా ఝళిపించినట్టు ‘ఫట్’మంటుంది. తూటా వెళ్లినంత దూరం ఆ చప్పుడు ఉంటుంది. దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు. అందుకే బ్రిటన్‌లో వేటగాళ్లు దాన్ని సైలెన్సర్ అనడానికి ఇష్టపడరు, ‘మాడరేటర్’ అంటారు. అమెరికాలో ‘సప్రెసర్’ అన్న మాట వాడుకలో ఉంది. నోరు మూయించేది కాదు, గొంతు తగ్గించేదన్నమాట.

మరి ఆ కాస్త తగ్గడానికి అంత హడావుడి ఎందుకంటే... చెవి కోసం. డెసిబెల్స్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదిరెట్లు పెరిగినట్టు. ముప్ఫై తగ్గిందంటే వెయ్యోవంతుకు పడిపోయినట్టు. 140 దాటిన పేలుడు ఒక్కటైనా సరే, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలను దెబ్బతీయగలదు. అవి ఒకసారి పోతే మళ్లీ మొలవవు. ముందు చెవిలో సన్నటి హోరు మొదలవుతుంది. తర్వాత మనవరాలి మాట సరిగా వినపడదు. ‘దూది పెట్టుకోవచ్చుగా’ అనొచ్చు. వేటలో అది కుదరదు. పక్కనున్నవాడి గుసగుస, పొదలో ఆకు చప్పుడు, గాలి మళ్లిన ఆనవాలు... అన్నీ చెవితోనే పట్టుకోవాలి. పక్కన కుక్క ఉంటే దాని చెవులు మరీ సున్నితం. దానికి ఎవరు దూది పెడతారు?

తండ్రి చెవుడు, కొడుకు గొట్టం

ఈ గొట్టాన్ని జనంలోకి తెచ్చింది హిరమ్ పెర్సీ మాగ్జిమ్ అనే అమెరికన్. ఆయన తండ్రి హిరమ్ స్టీవెన్స్ మాగ్జిమ్ మరీ ప్రసిద్ధుడు. 1884లో మెషిన్‌గన్ తయారుచేసింది ఆయనే. ఏళ్ల తరబడి తుపాకుల మోత మధ్య పనిచేసిన ఆ పెద్దాయనకు వినికిడి బాగా దెబ్బతింది. తండ్రి ప్రపంచానికి మోత ఇచ్చి వెళితే, కొడుకు దాన్ని తగ్గించే పనిలో పడ్డాడు. 1909లో పేటెంటు తీసుకున్నాడు. స్నానాల తొట్టిలో నీళ్లు సుడి తిరుగుతూ నెమ్మదిగా దిగిపోవడం చూసి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. తూటా వెనకే ఒక్కుమ్మడిగా తన్నుకొచ్చే వేడివాయువులను అలాగే సుళ్లు తిప్పి, ఆపి, చల్లార్చి వదిలితే చప్పుడు తగ్గుతుందన్నది లెక్క. లోపల వరసగా అడ్డుబిళ్లలు, వాటి నడిమధ్యన తూటా మాత్రమే పట్టే రంధ్రం. ఇప్పటికీ ఎక్కువ సైలెన్సర్ల సూత్రం ఇదే. వాహనాలకు సైలెన్సర్లు అంతకుముందే ఉన్నా, మాగ్జిమ్ కంపెనీ తర్వాతి రోజుల్లో ఇంజన్ల సైలెన్సర్ల తయారీకే మళ్లింది. కాబట్టి స్కూటర్‌తో మొదలైన పోలిక ఉత్తుత్తిది కాదు! ఈ మాగ్జిమే 1914లో అమెరికాలో హామ్‌రేడియో సంఘానికి నాంది పలికినవాళ్లలో ఒకరు. చప్పుడు తగ్గించడం ఓ చేత్తో, మాట దూరానికి పంపడం ఇంకో చేత్తో.

అమెరికాలోనే 1934లో ఓ చట్టం తెచ్చి ఒక్కో సైలెన్సర్‌పై 200 డాలర్ల పన్ను వేశారు. ఆ రోజుల్లో అది వస్తువు ఖరీదును మించిన మొత్తం. 2026 జనవరి 1 నుంచి ఆ పన్నును సున్నా చేశారు. రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు.

చెట్లు లేని అడవిలో

వానలో తుపాకీ ఎన్ని పాట్లు పడుతుందో చూడాలంటే స్కాట్లాండ్ కొండలకు వెళ్లాలి. అక్కడ దుప్పులు తిరిగే కొండప్రాంతాలను ‘డీర్ ఫారెస్ట్’ అంటారు. పేరుకే ఫారెస్టు, చాలాచోట్ల చెట్టన్నదే కనపడదు. మోకాలెత్తు హెదర్ పొదలు, రాళ్లు, కాలు పెడితే చీలమండ దాకా దిగబడే నల్లటి పీట్ నేల... అంతే. దుప్పులను తినే తోడేళ్లు అక్కడ అంతరించి శతాబ్దాలు దాటింది. అడ్డు లేకపోయేసరికి మంద పెరిగింది. స్కాట్లాండ్‌లో అన్ని జాతుల దుప్పులూ కలిపి పది లక్షల దాకా ఉండొచ్చని ఇటీవలి అంచనా. మొలకెత్తిన ప్రతి మొక్కనూ కొరికేస్తుంటే కొత్త అడవి లేచేదెలా? అందుకే ఏటా కొన్నింటిని కాల్చి తగ్గిస్తారు. మాంసం అమ్ముతారు. ఈ పనిని ‘స్టాకింగ్’ అంటారు. జీతానికి చేసేవాడు ‘స్టాకర్’. ఇది వాళ్లకు సరదా కాదు, బతుకుతెరువు.

ఆడదుప్పుల కాలం అక్టోబరు 21న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. అంటే సరిగ్గా ఏడాదిలో అతి చెడ్డ వాతావరణం ఉండే రోజులు. డిసెంబరులో ఇన్వర్నెస్ దగ్గర తొమ్మిదింటికి తెల్లవారితే మూడున్నరకు పొద్దు వాలిపోతుంది. మధ్యలో ఉన్న ఆ ఆరేడు గంటల్లోనే కొండెక్కాలి, గాలికి ఎదురుగా తిరగాలి, మందను వెతకాలి, బోర్లా పడుకుని పాకాలి. స్కాట్లాండ్‌వాళ్ల భాషలో వానకు బోలెడు పేర్లు. కంటికి కనపడకుండా తడిపేసే తుంపరను ‘స్మిర్’ అంటారు. రోజంతా వదలకుండా, తెరిపి ఇవ్వకుండా మనిషిని నీరసపెట్టే వాతావరణం ‘డ్రీచ్’. మన ముసురుకు అన్నదమ్ముడి వరస!

రైఫిల్ గొట్టం మూతి చిన్నది. దానికి సైలెన్సర్ తగిలిస్తే పొడవు సుమారు జానెడు పెరుగుతుంది, బరువు మూడొందల నుంచి ఐదొందల గ్రాములు పెరుగుతుంది. వేటగాడు అలవాటుగా తుపాకీని మూతి పైకి ఉండేలా భుజాన తగిలించుకుంటాడు. స్మిర్‌లో ఓ రెండు గంటలు నడిచేసరికి రంధ్రంలోంచి చుక్కా చుక్కా దిగి అడ్డుబిళ్లల మధ్య నిలుస్తుంది. మామూలు గొట్టమైతే నీళ్లు జారిపోతాయి. సైలెన్సర్ లోపల అన్నీ గదులే కదా, వచ్చిన నీరు బయటికి పోదు. సున్నా డిగ్రీల కిందికి పడిపోయిన పూట అదే నీరు గడ్డకట్టిందంటే తూటా దారిలో మంచుపెళ్ల కూర్చున్నట్టే.

‘అయితే మూతి కిందికి తిప్పి మోస్తే సరి’ అనుకుంటే అక్కడ ఇంకో గండం. జానెడు పెరిగిన తుపాకీ మూతి ఎక్కడుందో చేతికి గుర్తుండదు. గట్టు దిగుతున్నప్పుడో, పాకుతున్నప్పుడో అది వెళ్లి మంచులోనో పీట్ బురదలోనో గుచ్చుకుంటుంది. మూతిలో బురద బిరడా ఉండగా కాల్చితే గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు. కాల్చేవాడి ముఖం అప్పుడు దానికి ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రెండు గండాల్లో అనుభవజ్ఞులు ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకుంటారు. మూతి కిందికే. కాకపోతే కంటితో కనిపెట్టుకుంటూ, పడ్డ ప్రతిసారీ, గుచ్చుకుందన్న అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆగుతారు. తూటాలన్నీ తీసేస్తారు. బోల్టు బయటికి లాగి, సైలెన్సర్ విప్పి, గొట్టంలోంచి ఆకాశాన్ని చూస్తారు. గుండ్రటి వెలుగు కనిపిస్తేనే ముందడుగు. దుప్పి వంద గజాల్లో నిలబడి ఉన్నా సరే. ఆ ఓపిక లేనివాడికి ఆ కొండమీద పనిలేదు.

ఇక్కడే ఓ చవకైన కిటుకు ఉంది. మూతికి పల్చటి ఎలక్ట్రికల్ టేపు ఒక పొర అంటిస్తారు. వాన, మంచు లోపలికి పోవు. ‘మరి కాల్చేటప్పుడు తీయాలిగా?’ అక్కర్లేదు. తూటా తనముందు నెట్టుకొచ్చే గాలి, దాన్ని దాటుకొచ్చే వాయువులే ఆ పొరను చింపేస్తాయి. ఇది నేటి కిటుకేం కాదు. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో దిగిన సైనికులు కూడా తుపాకులకు పల్చటి కవర్లు, రబ్బరు తొడుగులు వేసుకునే నీళ్లలోకి దూకారు. ఒకటే షరతు. పల్చటి టేపే, అదీ ఒక్క పొరే. గుడ్డ కుక్కడం, బిరడా బిగించడం లాంటి తెలివితేటలు పనికిరావు. బిరడా అంటే అది బురదకు పెద్దన్నే. తమ సైలెన్సర్‌కు టేపు పనికొస్తుందో లేదో తయారీదారు పుస్తకంలో చూసుకోవడం ఇంకా మంచిది.

నీళ్లు లోపలే పుడతాయి

ఇంతవరకూ చెప్పింది పైనుంచి వచ్చే నీటి సంగతి. దాన్ని అందరూ కాచుకుంటారు, కళ్లకు కనపడుతుంది కాబట్టి. అసలు దొంగ ఇంట్లోనే ఉంటాడు.

ఓ మోస్తరు వేట తూటాలో మూడు గ్రాముల దాకా మందు ఉంటుంది. అది మండితే కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌లతోపాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. స్కూటర్ పెట్రోలు లాగే. మామూలు రైఫిల్లో ఆ ఆవిరి చాలావరకు గాలిలో కలిసిపోతుంది. సైలెన్సర్ పనే ఆ వాయువులను పట్టి ఆపడం కదా... అందుకే తూటా వెళ్లిపోయాక కూడా ఆవిరి కొంత లోపల చిక్కుకుపోతుంది. బయట రెండు డిగ్రీల ఈదురుగాలి. నిమిషాల్లో లోహం చల్లబడుతుంది. ఆవిరి చెమటలా గోడలకు పడుతుంది. లోపలి మసి ఆ తడిని స్పాంజిలా పీల్చి పట్టుకుంటుంది. అప్పుడు తుపాకీ మూతి పైకి పెట్టి భుజాన వేసుకుంటే, ఆ నల్లటి తడి నెమ్మదిగా వెనక్కి జారి గొట్టంలోకి దిగుతుంది. చుక్క వాన లేని, ఎండ కాసిన చలిరోజున కూడా ఇది జరుగుతుంది. ‘ఈరోజు వాన లేదుగా’ అని సైలెన్సర్ విప్పకుండా బీరువాలో పెట్టినవాడికి వారం తర్వాత మూతి చుట్టూ ఎర్రటి తుప్పు వలయం కనిపించేది ఇందుకే.

ఖరీదైన సరుకు కొన్నాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. మామూలు ఉక్కు తుప్పు పడుతుంది. అల్యూమినియంకు ఎర్రతుప్పు రాదుగానీ తడి మసి పడి తెల్లటి పొడి లేచి గుంటలు పడుతుంది. టైటానియం దేనికీ లొంగదు, నిజమే. కానీ టైటానియం సైలెన్సర్ కూర్చున్నది ఉక్కు గొట్టం మీద! తన ఒంటికి ఏమీ అంటించుకోకుండా తడిని అల్లుడి నెత్తిన పోసే మామగారి వరస దానిది. సైలెన్సర్ మెరుస్తూనే ఉంటుంది, రైఫిల్ తుప్పు పడుతుంది.

ఇంకో ముచ్చట, వేడి సైలెన్సర్ మీదనుంచి లేచే ఆవిర్లు దుర్భిణిలో బొమ్మను అలల్లా కదిలిస్తాయి. అది రాకుండా స్పాంజి లాంటి నియోప్రీన్ తొడుగు వేస్తారు. ఎండరోజున భేషుగ్గా ఉంటుంది. వానలో అదే తొడుగు తడిసి సైలెన్సర్‌కు తడిబట్ట చుట్టినట్టవుతుంది. వేట అవగానే ముందు ఊడదీయాల్సింది దాన్నే.

ఇంటికొచ్చాకే అసలు పని

వేసవిలో విజయవాడలో ఏసీ కారులోంచి దిగగానే కళ్లద్దాలు మసకబారతాయి. చల్లటి గాజుకు బయటి ఉక్కపోత తగలడంవల్ల వచ్చే చెమట అది. స్కాట్లాండ్‌లో ఇది తిరగబడుతుంది. రోజంతా కొండమీద గడ్డకట్టిన రైఫిల్‌ని వెచ్చటి వంటింట్లోకి తీసుకురాగానే లోపలా బయటా చెమట పట్టేస్తుంది. కాబట్టి వాన ఆగినా, తుడిచినా, ఇంటికి చేరాక మళ్లీ తడుస్తుంది. అనుభవమున్న స్టాకర్ అందుకే తుపాకీని వెంటనే బీరువాలో పెట్టి తాళం వేయడు. అది గది వేడికి అలవాటుపడి, పట్టిన చెమటంతా పట్టేదాకా కళ్లెదుటే ఉంచుకుని, అప్పుడు తుడుస్తాడు. తడి సంచిలో పెట్టి జీపు వెనక తెల్లవార్లూ వదిలేయడం మాత్రం మహాపాపం.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకోవాలి. సైలెన్సర్ మర విప్పాలి. మూతి కిందికి పెట్టి నాలుగుసార్లు గట్టిగా విదిలిస్తే నల్లటి నీళ్లు చిలుకుతాయి. ఈ పని పెరట్లో చేయడం ఇంటి శాంతికి మంచిది! తర్వాత రెండు వైపులా గాలి ఆడేలా వెచ్చటి చోట నిలబెట్టాలి. బ్రిటన్ ఇళ్లలో వేడినీళ్ల ట్యాంకు ఉండే అర ఒకటుంటుంది, తువ్వాళ్లు ఆరేసుకునేది. ఇలాంటి పనికి అంతకంటే మంచి చోటు లేదు. పొయ్యిమీద కాల్చి ఆరబెట్టాలనుకునే ఉత్సాహం వద్దు. రైఫిల్ గొట్టంలో పొడిగుడ్డ తోసి, తర్వాత పల్చగా నూనె గుడ్డ. మర చుట్లకు ఒక్క చుక్క. రాత్రంతా రైఫిల్ మూతి కిందికి ఉండేలా నిలబెడితే మిగిలిన నూనె కిందికి జారిపోతుంది, వెనక యంత్రంలోకి చేరదు. మర్నాడు కొండెక్కేముందు ఆ నూనెను తుడిచేయాలి. నూనె గొట్టంలోంచి వెళ్లే మొదటి తూటా ఒక్కోసారి తన దారి తాను చూసుకుంటుంది.

బిగించేటప్పుడూ జాగ్రత్త కావాలి. మరలో ఇసుక రేణువో మసిపెళ్లో ఉంటే సైలెన్సర్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. కాల్పుల అదురుకు మెల్లగా వదులయ్యే గుణం కూడా దానికుంది. వంకర కాస్త ఎక్కువైతే తూటా రంధ్రంలోంచి కాక అడ్డుబిళ్ల అంచును తాకుతూ పోతుంది. సైలెన్సర్ పగిలిపోతుంది, తూటా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. విప్పి మళ్లీ తగిలించాక గురి కొద్దిగా జరిగే అవకాశమూ ఉంది. అందుకే కొండకు వెళ్లేముందు అట్టముక్క మీద ఒక తూటా కాల్చి చూసుకుంటారు.

ఇంత రామాయణం దేనికంటే, గొట్టం మూతి అంచు కోసం. తూటాకు తుపాకీ ఇచ్చే చివరి స్పర్శ అక్కడే. ఆ అంచు చుట్టూ సమంగా ఉంటే తూటా నేరుగా పోతుంది. తుప్పు ఓ పక్క కొరికేస్తే వాయువులు ఆ పక్కనుంచి ముందుగా తన్నుకొచ్చి తూటాను కొద్దిగా నెడతాయి. మూతి దగ్గర అది కంటికి ఆనదు. రెండొందల మీటర్లు వెళ్లేసరికి జానెడు తేడా రావచ్చు. స్టాకర్ గురిపెట్టేది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు. అక్కడ తగిలితే దుప్పికి ఏమైందో తెలిసేలోపే అయిపోతుంది. జానెడు వెనక్కి జరిగితే కడుపులో తగులుతుంది. ఆ గాయంతో అది పరుగెడుతుంది. మూడున్నరకు పొద్దువాలే కొండమీద, మంచు దిగుతుంటే, వాన నెత్తుటి చుక్కలను కడిగేస్తుంటే దాన్ని వెతకడం ఎవరితరం? అది ఏ రాతిచాటునో రాత్రంతా గిలగిల్లాడుతుంది. మంచి స్టాకర్లు దీన్ని మించిన తలవంపు లేదనుకుంటారు. లాంతరు పట్టుకుని, కుక్కను తీసుకుని ఆ రాత్రే మళ్లీ కొండెక్కేవాళ్లున్నారు.

లోపలి తడి ఆరిందో లేదో తెలుసుకోవడం ఎలా? కొన్ని సైలెన్సర్లను బిళ్లలుగా విప్పి చూడొచ్చు, తుడవొచ్చు. చాలావాటిని అతుకు వేసి మూసేస్తారు. లోపలికి కన్ను ఆనదు, వేలు దూరదు. అలాంటివాటికి వాడకందార్లు కనిపెట్టిన ఉపాయం వంటింటి త్రాసు. కొన్నరోజునే సైలెన్సర్ ఎన్ని గ్రాములుందో తూచి డబ్బామీద రాసిపెట్టుకుంటారు. వేటనుంచి రాగానే మళ్లీ తూస్తారు. ఉదాహరణకు 350 గ్రాములున్నది 362 తూగిందనుకోండి. వెచ్చటి అరలో రెండురోజులు పెట్టి మూడోసారి తూస్తే 354 చూపించిందంటే, పోయిన ఎనిమిదీ నీళ్లు. మిగిలిన నాలుగూ మసి.